ఇంటి ఫోను, బడి పీరియడు: ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మిశ్రమ అభ్యసనాన్ని అమలు చేసే విధానం

కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. పాఠం ఇంటింటికీ చేరింది గానీ, విద్యార్థికి ఎక్కడ అర్థం కాలేదో ఉపాధ్యాయుడికి తెలిసే దారి మాత్రం చాలా ఊళ్లలో ఏర్పడలేదు. బడులు తెరుచుకున్నాక, ఆ రోజుల్లో చదువుకు వాడిన ఫోన్లు ఇళ్లలోనే మిగిలాయి, వాటిని చదువుకు వాడుకునే అలవాటు మాత్రం క్రమంగా సడలిపోయింది. 2020లోనే వచ్చిన జాతీయ విద్యా విధానం, డిజిటల్ బోధనను ప్రోత్సహిస్తూనే, ముఖాముఖి బోధన ప్రాధాన్యాన్ని గుర్తించి రెండింటినీ కలిపే పద్ధతులను రూపొందించాలని చెప్పింది. మిశ్రమ అభ్యసనం అంటే స్థూలంగా అదే: పాఠంలో కొంత భాగం విద్యార్థి తన వీలును బట్టి పరికరం మీద నేర్చుకోవడం, మిగతాది తరగతిలో ఉపాధ్యాయుడి సమక్షంలో నేర్చుకోవడం, ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉండటం.

ఆ ముడి గట్టిగా ఉండాలన్నదే ఈ మార్గదర్శిలో నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది. రాత్రి ఫోన్‌లో చూసిన దానికి మర్నాటి పీరియడ్‌లో చోటు లేకపోతే ఆ వీడియో ఎంత బాగున్నా పిల్లలకు అదనపు భారమే అవుతుంది, వారం తిరగకముందే చూడటం మానేస్తారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఆరు నుంచి పది తరగతులకు బోధించే ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకుని ఈ క్రమాన్ని రాస్తున్నాను. హనుమకొండ పట్టణంలోని బడికీ, తాడ్వాయి అడవిలోని ఆశ్రమ పాఠశాలకూ పరిస్థితులు ఒకటి కావు కాబట్టి అవసరమైన చోట ఆ తేడాను కూడా సూచిస్తాను.

మొదటి అడుగు: ఇంట్లో ఫోన్ ఏ వేళకు దొరుకుతుందో తెలుసుకోవడం

గ్రామీణ పిల్లల చదువు తీరును సర్వే చేసే అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతం ఇళ్లకు స్మార్ట్‌ఫోన్ ఉంది. ఫోన్ వాడటం తెలిసిన పిల్లల్లో అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. ఇంట్లో ఫోన్ ఉన్నంత మాత్రాన అది చదువుకు ఉపయోగపడుతున్నట్టు కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. మన ఊళ్లలో దీనికి మరో కోణం ఉంది. ఇంటికి ఒకటే ఫోన్ ఉంటే అది పొద్దున్నే తండ్రితో పాటు పొలానికో, ఆటో మీదనో, ఏనుమాముల మార్కెట్‌కో వెళ్లిపోతుంది. "మా నాయిన ఫోను పట్కపోయిండు సార్, రాత్రి అచ్చినంకనే దొరుకుతది" అని చెప్పే విద్యార్థికి సాయంత్రం ఐదింటికి పాఠం పంపి ఏడింటికల్లా జవాబు రాయమంటే అది జరిగే పని కాదు.

అందుకే విద్యా సంవత్సరం మొదట్లోనే ఒక పేజీ ప్రశ్నావళి తయారు చేసి, ప్రతి విద్యార్థితో విడిగా మాట్లాడి మీరే నింపాలి. "ఇంట్లో ఫోన్ లేనివాళ్లు చేతులెత్తండి" అని తరగతిలో అందరి ముందూ అడగకూడదు, లేనివారు సిగ్గుపడి ఉందనే చెబుతారు. అడగవలసినవి ఇవి: ఫోన్ ఎవరిది, అది ఏ వేళ నుంచి ఏ వేళ వరకు ఇంట్లో ఉంటుంది, స్మార్ట్‌ఫోనా బటన్ల ఫోనా, మెమరీ కార్డు పడుతుందా, రీఛార్జ్ ప్రతినెలా చేయిస్తారా, అదే ఫోన్‌ను ఇంట్లో ఇంకెంతమంది చదువుకు వాడాలి. అమ్మాయిల విషయంలో మరో ప్రశ్న జోడించాలి: తమ్ముడికో అన్నకో ఇచ్చాకే తన వంతు వస్తుందా? దీనికి వచ్చే జవాబులు మీ ప్రణాళికను మార్చేస్తాయి.

వివరాలు చేతికి వచ్చాక తరగతిని మూడు జట్లుగా గుర్తించుకోవాలి. రోజూ కనీసం అరగంట స్మార్ట్‌ఫోన్ దొరికేవారు మొదటి జట్టు, వారంలో కొన్ని రోజులే దొరికేవారు లేదా బటన్ల ఫోన్ మాత్రమే ఉన్నవారు రెండో జట్టు, అసలు దొరకనివారు మూడో జట్టు. ఈ విభజన మీ డైరీలోనే ఉండాలి, పిల్లలకు చెప్పకూడదు. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల కాలంలో కుటుంబాల దినచర్య పూర్తిగా మారిపోతుంది కాబట్టి దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత మరోసారి ఈ వివరాలను సరిచూసుకోవాలి.

రెండో అడుగు: ఏ భాగం ఫోన్‌కు, ఏ భాగం పీరియడ్‌కు

పాఠం మొత్తాన్ని ఫోన్‌కు ఎక్కించవలసిన అవసరం లేదు. పదే పదే వినవలసినవి, కంటితో చూస్తే తప్ప తెలియనివి, తరగతిలో చూపించడానికి వీలుకానివి ఫోన్‌కు సరిపోతాయి. పద్యాల సరైన ఉచ్చారణ, ఇంగ్లిష్ పాఠం చదివి వినిపించడం, గుండె కవాటాలు తెరుచుకుని మూసుకునే తీరు, గ్రహణం ఏర్పడే క్రమం ఇలాంటివే. లెక్కలో ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకోవడం, ప్రయోగం చేయడం, వాదించడం, సొంతంగా రాయడం వంటివి ఉపాధ్యాయుడు పక్కన ఉన్నప్పుడే జరగాలి. అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్ర ఉపాధ్యాయులు 2007లో తమ ఉపన్యాసాలను రికార్డు చేసి విద్యార్థులకు ఇవ్వడం మొదలుపెట్టారు. బడికి రాలేకపోయిన విద్యార్థుల కోసం చేసిన ఆ పని, పాఠం ఇంట్లో విని సాధన తరగతిలో చేసే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతిగా ప్రపంచమంతటా వ్యాపించింది. మన దగ్గర కూడా గైర్హాజరు పెద్ద సమస్యే. పత్తి ఏరడానికి వెళ్లి వారం తర్వాత తిరిగివచ్చిన పిల్లవాడికి పోయిన పాఠం మళ్లీ వినే అవకాశం ఇవ్వడం ఒక్కటి చాలు, ఈ శ్రమంతా సార్థకమని నేను నమ్ముతాను.

మొదటి రెండు నెలలు ఒకే తరగతిలో, ఒకే సబ్జెక్టులో, వారానికి ఒక్క పాఠ్యాంశం మాత్రమే ఈ పద్ధతిలో నడపాలి. అన్ని సబ్జెక్టుల వారూ ఒకేసారి మొదలుపెడితే ఇంటికి ఉన్న ఒక్క ఫోన్ మీద భారం ఆరింతలవుతుంది. కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో విడుదల చేసిన ప్రజ్ఞత మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల ఆన్‌లైన్ పాఠాలు రెండుకు, తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు నాలుగుకు మించరాదని సూచించాయి. అవి బడులు మూసి ఉన్న రోజుల కోసం రాసినవి. పగలంతా బడిలోనే ఉండే పిల్లలకు రాత్రి పదిహేను నిమిషాలకు మించి ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం.

మూడో అడుగు: సామగ్రిని ఎంచుకోవడం, లేకపోతే తయారు చేసుకోవడం

పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్నచోట ముందు దానితోనే మొదలుపెట్టాలి. కేంద్ర ప్రభుత్వ దీక్ష యాప్‌లో స్కాన్ చేస్తే పాఠానికి జతచేసిన సామగ్రి తెరుచుకుంటుంది. కెమెరా సరిగా పనిచేయని ఫోన్ అయితే కోడ్ కింద ముద్రించిన ఆరు అక్షరాల సంకేతాన్ని టైప్ చేసినా సరిపోతుంది, ఈ సంగతి పిల్లల్లో చాలామందికి తెలియదు. యాప్‌లో సామగ్రిని ముందుగా దించుకుని నెట్ లేకుండా చూసే వీలు కూడా ఉంది. టీశాట్ పాఠాలు, విజ్ఞానశాస్త్రానికీ గణితానికీ కొలరాడో విశ్వవిద్యాలయం రూపొందించిన ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద మార్చి చూడగల ప్రయోగ నమూనాలు), జ్యామితికి జియోజిబ్రా యాప్ ఉపయోగపడతాయి. ఏది పంపినా మొదటి నుంచి చివరి వరకు మీరు చూడకుండా పంపకూడదు.

అయితే పిల్లలు అన్నిటికన్నా శ్రద్ధగా వినేది తమ సార్, తమ టీచర్ గొంతునే. అందుకని వారానికి ఒక చిన్న వీడియోనైనా సొంతంగా తయారు చేసుకోవడం మంచిది. ఖర్చు పెట్టవలసిన పని లేదు. ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని, పుస్తకాల దొంతర మీద ఆనించి, కిటికీ వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోవాలి. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం చీకటిగా వస్తుంది. ఫ్యాన్ ఆపేయాలి, ఎందుకంటే చెవికి తెలియని ఆ హోరు రికార్డింగ్‌లో గొంతును మింగేస్తుంది. బోర్డు మీద రాసింది చూపాలనుకుంటే దూరం నుంచి తీయడం కన్నా తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాస్తూ పైనుంచి తీయడం మేలు, చిన్న తెర మీద అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. నిడివి ఐదు నిమిషాలు దాటకూడదు. ఒక వీడియోకు ఒకే భావన. 2022-23 నుంచి ఇంగ్లిష్ మాధ్యమంతో పాటు రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి కాబట్టి, వివరణ తెలుగులో సాగిస్తూ డెన్సిటీ, వాల్యూమ్ వంటి మాటలను ఇంగ్లిష్‌లోనూ పలికి చూపాలి.

పంపేముందు వీడియోను 360పీ స్థాయికి, అంటే తక్కువ స్పష్టతకు, కుదించాలి. ఐదు నిమిషాల వీడియో అప్పుడు సుమారు ఇరవై ఎంబీలోపే ఉంటుంది, బలహీనమైన సిగ్నల్‌తోనూ దిగుతుంది. రెండో జట్టులోని బటన్ల ఫోన్ల కోసం అదే విషయాన్ని ఆడియోగా కూడా తయారు చేయాలి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ బటన్ల ఫోన్లలో చాలావాటిలో మోగదు, దాన్ని ఎంపీ3గా మార్చి మెమరీ కార్డులో వేసి ఇవ్వాలి.

నాలుగో అడుగు: పిల్లలకు చేర్చడం

తల్లిదండ్రుల నంబర్లతోనే పంపకం జరగాలి. వాట్సాప్ ఖాతాకు కనీస వయసు 13 ఏళ్లు కాబట్టి ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో చాలామంది పేర సొంత ఖాతా ఉండటమే నియమ విరుద్ధం. మామూలు గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, ఆడపిల్లల తల్లులు తమ నంబరు తెలియనివారి చేతుల్లో పడుతుందని భయపడటంలో న్యాయముంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడితే నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, జవాబు ఉపాధ్యాయుడికే వస్తుంది. అయితే మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది కాబట్టి మొదటి తల్లిదండ్రుల సమావేశంలోనే ఆ పని చేయించాలి. గ్రూపే పెట్టక తప్పదనుకుంటే అడ్మిన్లు మాత్రమే సందేశం పంపేలా అమర్చి, ఇద్దరు ఉపాధ్యాయులు అడ్మిన్లుగా ఉండాలి. శుభోదయాలు, ఊరి రాజకీయాలు మొదలైతే పాఠం వాటి అడుగున పడిపోతుంది.

సిగ్నల్ అందని ఊళ్లకు బడే పంపిణీ కేంద్రం. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు అడవి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలున్న బడుల్లో, వారానికి సరిపడా ఫైళ్లను శుక్రవారం నాటికి పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసి, శనివారం తల్లిదండ్రుల ఫోన్లకు, పెన్‌డ్రైవ్‌ను ఫోన్‌కు కలిపే ఓటీజీ కేబుల్‌తో ఎక్కించవచ్చు, లేదా బ్లూటూత్, క్విక్ షేర్ ద్వారా పంపవచ్చు. బడిలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే దానిలో కోలిబ్రీ, కివిక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లను వేసుకుని, ఇంటర్నెట్ లేకుండానే పాఠాలనూ తెలుగు వికీపీడియానూ వైఫై ద్వారా చుట్టూ ఉన్న పరికరాలకు అందించవచ్చు. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లలున్న చోట, పాఠం మొదట్లో ఏం చేయాలో చెప్పే రెండు మాటలను పై తరగతి విద్యార్థితో కోయలో చెప్పించి రికార్డు చేస్తే ఆ పిల్లల ముఖాల్లో తేడా వెంటనే కనిపిస్తుంది.

ఐదో అడుగు: ఇంటి పనిని మర్నాటి పీరియడ్‌తో ముడివేయడం

అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి ఒక పాఠాన్ని తీసుకుని వివరంగా చెబుతాను. తొమ్మిదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో తేలియాడే వస్తువుల గురించిన పాఠం ఉంది. మన పిల్లలకు దీన్ని చెప్పడానికి పాలంపేటలోని రామప్ప గుడికి మించిన ఆధారం లేదు. కాకతీయుల కాలంలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ ఆలయం 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని శిఖరం బరువు తగ్గించడానికి వాడిన ఇటుకలు నీటి మీద తేలతాయని ఊళ్లో పెద్దలు చెబుతూనే ఉంటారు, పురావస్తు నిపుణులు కూడా అవి సూక్ష్మ రంధ్రాలతో నిండిన తేలికపాటి ఇటుకలని వివరించారు.

రాత్రికి పంపవలసింది నాలుగు నిమిషాల వీడియో. అందులో రామప్ప శిఖరం ఫొటో చూపి, "ఇటుక నీళ్లలో మునగాలి కదా, ఈ ఇటుక ఎందుకు తేలింది?" అని అడిగి, జవాబు చెప్పకుండా ఆపేయాలి. తర్వాత ఇంటి పని చెప్పాలి: ఒక బకెట్ నీళ్లలో ఆలుగడ్డ, నిమ్మకాయ, కొవ్వొత్తి ముక్క, స్టీలు చెంచా, స్టీలు గిన్నె ఒక్కొక్కటే వేసి చూడాలి, వేయకముందే మునుగుతుందో తేలుతుందో ఊహించి నోటుపుస్తకంలో రాయాలి, వేశాక ఏమైందో దాని పక్కనే రాయాలి. చెంచా మునిగి గిన్నె తేలడం చూసిన పిల్లవాడు మర్నాడు ప్రశ్నతోనే బడికి వస్తాడు. ఈ పనిలో ఫోన్ పాత్ర నాలుగు నిమిషాలే, మిగిలినదంతా బకెట్‌తోనూ నోటుపుస్తకంతోనూ జరుగుతుంది. ఫోన్ లేని విద్యార్థికి ఇదే పనిని ఒక చీటీ మీద రాసి ఇచ్చినా ఏమీ లోటు రాదు.

మర్నాటి పీరియడ్ నలభై అయిదు నిమిషాలనుకుందాం. మొదటి ఏడెనిమిది నిమిషాలు నోటుపుస్తకాల్లోని ఊహలను బోర్డు మీద పట్టికగా ఎక్కించాలి. ఎంతమంది ఊహ తప్పిందో లెక్కించి, తప్పు ఊహించినవారి చేతనే ఎందుకలా అనుకున్నారో చెప్పించాలి. రాత్రి పని చేసినవారికి ఆ పని ఫలించినట్టు తెలిసేది ఈ నిమిషాల్లోనే, వీటిని ఎంతమాత్రం వదులుకోకూడదు. వీడియోను మళ్లీ తరగతిలో వేసి చూపకూడదు. అలా చేస్తే ఇంట్లో చూడనక్కర్లేదన్న సందేశం అందరికీ వెళ్తుంది.

తర్వాత తరగతిని రెండు బృందాలుగా చేసి, ఒక బృందానికి కొలజాడీ, త్రాసు ఇచ్చి ఆలుగడ్డ ద్రవ్యరాశిని, అది తొలగించిన నీటి ఘనపరిమాణాన్ని కొలిపించి సాంద్రతను కట్టించాలి. నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము కాబట్టి, ఆలుగడ్డ సాంద్రత అంతకు కాస్త ఎక్కువ వచ్చిందని వాళ్లే కనుక్కుంటారు. రెండో బృందం బడి పరికరాల మీద, ఒక్కో పరికరానికి నలుగురు చొప్పున, ఫెట్ వారి సాంద్రత సిమ్యులేషన్‌లో ఒకే ద్రవ్యరాశి ఉన్న దిమ్మెల పరిమాణాన్ని మార్చి చూడాలి. ఇది పాత ఫోన్లలో తెరుచుకోకపోవచ్చు, అందుకని ముందు రోజే తెరిచి చూసుకోవాలి. తెరుచుకోకపోతే ఇంటరాక్టివ్ ప్యానెల్ మీదో ల్యాప్‌టాప్ మీదో ఒక్కచోటే చూపవచ్చు. పదిహేను నిమిషాలకు బృందాలు మారాలి. మూడు కేంద్రాలు పెట్టి తిప్పాలని శిక్షణల్లో చెబుతారు గానీ, ముప్పై ఆరు మంది పిల్లలతో ఒకే గదిలో, ఒక్క పీరియడ్‌లో మూడు మార్పులు చేస్తే సగం సమయం బెంచీలు జరపడానికే పోతుంది. అలవాటు పడేవరకు రెండే చాలు. చివరి అయిదు నిమిషాల్లో రామప్ప ఇటుక ప్రశ్నకు తిరిగివచ్చి, ఇటుకలోని రంధ్రాల్లో నిలిచిన గాలి వల్ల దాని మొత్తం సాంద్రత నీటి కన్నా తక్కువైందన్న మాట పిల్లల నోటి నుంచే రావాలి. గిన్నె సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది.

ఆరో అడుగు: ఫోన్ అందని విద్యార్థిని వెనకబడనివ్వకపోవడం

మూడో జట్టు పిల్లలకు పొరుగింటి స్నేహితుడితో కలిసి చూడమని చెప్పడం తేలికైన పరిష్కారంగా కనిపిస్తుంది. వాడలు వేరైనప్పుడు, చీకటి పడ్డాక ఆడపిల్ల మరొకరి ఇంటికి వెళ్లవలసి వచ్చినప్పుడు అది పరిష్కారం కాదు. బడిలోనే, ప్రార్థనకు ముందు ఇరవై నిమిషాలు గానీ మధ్యాహ్న భోజనం తర్వాత గానీ, ఒక గదిలో బడి ట్యాబ్ మీద ఆ వీడియో చూసే ఏర్పాటు ఉండాలి. కోరిన ఎవరైనా రావచ్చని చెప్పాలి, అప్పుడు ఫోన్ లేనివారి గది అన్న ముద్ర పడదు. విద్యార్థుల సొంత ఫోన్లను బడికి తెమ్మనకూడదు. ఫోన్ పోయినా పగిలినా ఆ కుటుంబం మోయలేని నష్టం, పైగా ఉన్నవారికీ లేనివారికీ మధ్య గీత అక్కడే పడుతుంది. యునెస్కో 2023లో విడుదల చేసిన ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక కూడా, అభ్యసనానికి స్పష్టంగా తోడ్పడే సందర్భాల్లోనే తరగతిలో సాంకేతికతను వాడాలని చెప్పింది.

బడి పరికరాలకు ఒక రిజిస్టరు పెట్టాలి. ఛార్జింగ్ బాధ్యత ఇద్దరు విద్యార్థులకు వారం వారం మారుతూ ఉండాలి. మెమరీ కార్డులకు నంబర్లు వేసి, గ్రంథాలయ పుస్తకాల మాదిరిగానే సంతకం తీసుకుని ఇవ్వాలి.

ఏడో అడుగు: భద్రత, తల్లిదండ్రుల సమ్మతి

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి సమాచారాన్ని వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్న సూత్రాన్ని పెట్టింది. ఏ యాప్‌లోనైనా విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, ఫొటో ఎక్కించమని అడిగితే, ఆ యాప్ లేకుండా పాఠం నడవదా అని ముందు ఆలోచించాలి. చాలాసార్లు నడుస్తుంది. తరగతి ఫొటోలను పిల్లల ముఖాలు కనిపించేలా ఎవరి స్టేటస్‌లోనూ పెట్టకూడదు. ఉపాధ్యాయుడు విద్యార్థికి నేరుగా, రాత్రివేళ సందేశం పంపకూడదు, సంభాషణ అంతా తల్లిదండ్రుల నంబరు ద్వారానే సాగాలి.

సైబర్ మోసం జరిగితే 1930 నంబరుకు, పిల్లలకు ఏ రకమైన వేధింపు ఎదురైనా 1098 నంబరుకు ఫోన్ చేయాలని ప్రతి తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో ఈ పద్ధతిని వివరించి, తల్లులనే ఒక పాఠం ఫోన్‌లో చూడమని అడగాలి. పిల్లవాడు ఫోన్ పట్టుకుంటే ఆటలకేనన్న అనుమానం, చదువుకు ఏం చేస్తున్నాడో కళ్లారా చూసినప్పుడే పోతుంది. ఇంట్లో అందరూ ఉండే చోటే, పడుకునే వేళకు ముందే, పదిహేను నిమిషాల్లో పని ముగించాలన్న నియమాన్ని వారి చేతనే చెప్పించాలి.

ఎనిమిదో అడుగు: మూల్యాంకనం, సవరణ

వీడియో చూసినందుకు మార్కులు వేయకూడదు. ఫోన్ ఉన్న ఇంటికి మార్కులు, లేని ఇంటికి సున్నా పడే ఏ విధానమూ ప్రభుత్వ బడిలో ఉండరాదు. ఏడాదిలో మధ్యమధ్య జరిపే నిర్మాణాత్మక మూల్యాంకనంలో ఇప్పటికే ఉన్న పాల్గొనడం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, స్లిప్ టెస్ట్ అనే నాలుగు సాధనాలే దీనికీ సరిపోతాయి. బకెట్ ప్రయోగాన్ని ఊహలతో సహా రాసుకున్న పేజీ రాత పనిగా, దానిని పొడిగించి ఉప్పు నీళ్లలో ఆలుగడ్డ తేలే వరకు ఎన్ని చెంచాల ఉప్పు పట్టిందో రాసిన నివేదిక ప్రాజెక్టు పనిగా తీసుకోవచ్చు. వారం చివర మూడే ప్రశ్నల చిన్న స్లిప్ టెస్ట్ కాగితం మీదే పెట్టాలి. గూగుల్ ఫారాలు దిద్దే శ్రమను తగ్గిస్తాయి గానీ, విద్యార్థి లెక్క చేసిన దారిని చూపవు.

నెలకు ఒకసారి స్లిప్ టెస్ట్ ఫలితాలను మొదటి అడుగులో రాసుకున్న మూడు జట్ల పక్కన పెట్టి చూడాలి. మూడో జట్టు సగటు మిగతావారి కన్నా జారుతున్నట్టు కనిపిస్తే, కొత్త వీడియోలు ఆపి, బడిలో వీడియో చూసే గదికి ఎవరు వస్తున్నారో, ఎవరు రావడం లేదో, ఏ ఊరి బస్సు ఆలస్యమవుతోందో ముందు చూడాలి. ఒక వీడియోను సగం మంది చూడకపోతే ఆ లోపం పిల్లలది కాదని అనుకుని, నిడివి, పంపిన వేళ, ఫైల్ పరిమాణం ఈ మూడింటినీ పరిశీలించాలి. బాగా పనిచేసిన ఫైళ్లను తరగతి, పాఠం, నెల వరుసలో పేర్లు పెట్టి ఒక పెన్‌డ్రైవ్‌లో భద్రపరచి, చుట్టుపక్కల బడుల వారు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మీ సబ్జెక్టు ఉపాధ్యాయులకు ఇవ్వండి, వారి దగ్గర ఉన్నవి మీరు తెచ్చుకోండి. అయిదారు బడులు ఇలా పంచుకుంటే ఏడాది తిరిగేసరికి ఒక తరగతికి కావలసిన సామగ్రి దాదాపు సమకూరుతుంది, వచ్చే జూన్‌లో మొదటి అడుగులోని ప్రశ్నావళితో కొత్త తరగతిని మొదలుపెట్టడానికి చేతిలో సరుకు ఉంటుంది.